పోసిన చేప, పుట్టిన చేప

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఇందుకూరుపేట దాటాక కారు అద్దం దించితే ముందు వాసన వస్తుంది. ఉప్పు, బురద, రొయ్యల మేత కలిసిన వాసన. ఆ వెనకే చప్పుడు. తెల్లారకముందే గుంటల్లో ఏరేటర్లు నీళ్ళు చిలుకుతుంటాయి. సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజది. మంచు ఇంకా మళ్ళ మీదే ఉంది. వెనక సీట్లో మా అక్క కొడుకు, వాడి ఒళ్ళో పొడుగాటి నల్ల గొట్టం. ఇదేమిటని విమానాశ్రయంలో వాణ్ణి మూడు చోట్ల ఆపి అడిగారట. అందులో ఉన్నది గాలం.

వాడు పుట్టింది దర్గామిట్టలో, పెరిగింది డల్లాస్ పక్కన. "మామయ్యా, మన ఊరి చెరువులో చేపలు వదులుతారా?" అని పోయిన అక్టోబరులోనే ఫోన్లో అడిగాడు. వదులుతారన్నాను. "అయితే పట్టుకోనిస్తారా?" అన్నాడు. దానికి మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

వాడి సరదా ఎక్కణ్ణుంచి వచ్చిందో దారి పొడుగునా చెప్పాడు. టెక్సస్‌లో చలికాలం రాగానే అక్కడి వన్యప్రాణి శాఖ వాళ్ళు ట్యాంకరు లారీల్లో రెయిన్‌బో ట్రౌట్ చేపల్ని తెచ్చి ఊళ్ళ మధ్య పార్కుల్లో ఉండే చిన్న చెరువుల్లో వదులుతారు. ఏ చెరువులో ఎప్పుడు వదిలేదీ ముందే ప్రకటిస్తారు. ఆ రోజు పొద్దున్నే జనం మడత కుర్చీలేసుకుని గట్టున కూర్చుంటారు. పదిహేడేళ్ళు నిండితే లైసెన్సు కొనుక్కోవాలి, రోజుకు అయిదు చేపలకు మించి పట్టకూడదు. ట్రౌట్ చల్లనీళ్ళ చేప. నీళ్ళు పది, పదిహేను డిగ్రీల్లో ఉంటే హాయిగా ఉంటుంది, ఇరవై దాటితే ఉక్కిరిబిక్కిరి అవుతుంది. టెక్సస్ ఎండాకాలం ఆ పార్కు చెరువుల్లో అది బతకదు. మార్చి దాటేలోపు ఎవరో ఒకరు పట్టేసుకోవాలి, లేకపోతే చచ్చిపోతుంది. అంటే గాలానికి చిక్కడం కోసమే తెచ్చి పోసిన చేప అన్నమాట.

"మీ నాన్న ఏం చేస్తాడ్రా వాటిని?" అన్నాను.

"పులుసు పెట్టాడు మామయ్యా ఒకసారి. చింతపండులో పడేసరికి ముక్క విడిపోయి జావ అయిపోయింది. అమ్మ అది ట్రౌట్ పచ్చడి అంది."

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు మైపాడు రోడ్డు మీంచి లోపలికి రెండు కిలోమీటర్లు. ఊరి పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారానికల్లా చెరువు కట్ట మీద బైకులు వరసకట్టి నిలబడతాయి, ఆ తిట్లు నాకు తగులుతాయి. చెరువు పెద్దదేం కాదు. ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివర బట్టలుతికేవాళ్ళు తలెత్తి చూస్తారు. ఒక తూము, ఒక కలుజు, కట్ట మీద తుమ్మలు, నాలుగు తాళ్ళు. సముద్రం ఇక్కడికి కూతవేటే. ఊళ్ళో బోరు వేస్తే ఉప్పునీళ్ళు. తియ్యనీళ్ళంటే ఈ చెరువే, దానికి నీళ్ళిచ్చేది పెన్న. పెన్నకు నెల్లూరు దగ్గర 1855లో ఆనకట్ట కట్టారు. ఆ పాతదాని పని చేయడానికి కట్టిన కొత్త బ్యారేజీ 2022 సెప్టెంబరులో మొదలైంది. ఈశాన్య రుతుపవనాల వాన తక్కువైన ఏడాది కూడా సోమశిల జలాశయం నుంచి నీళ్ళొదిలితే కాలువల వెంబడి ఇక్కడిదాకా వస్తాయి. పోయిన ఎండాకాలం అలా వచ్చాయట, చెరువు ఎండలేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

కట్ట మీద తాటాకు పాక, పాక ముందు కాపలా పెద్దాయన. మంకీ క్యాపు, భుజాన తువ్వాలు, చేతిలో టార్చి. నన్ను గుర్తుపట్టడానికి రవంతసేపు పట్టింది. మా తాత పేరు చెప్పాక మొహం విప్పారింది. అయినా డ్యూటీ డ్యూటీయే.

"ఏందబ్బయ్యా ఆ గొట్టం?"

"గాలం, పెద్దయ్యా. మా అక్క కొడుకు. అమెరికా నుంచి వచ్చినాడు."

"అమెరికా నుంచి గాలం ఎత్తకచ్చినాడా! ఈడ వెదుళ్ళు లేవా?"

పిల్లవాడు నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. "చెరువు పాట అయిపోయుండాది అబ్బయ్యా. పోయినేడు మాదిరి కాదు. ఈతూరి పాట పాడుకున్నాయన నెల్లూరులో ఉంటాడు. గాలం ఏస్తే నన్ను అడుగుతాడు."

మా చిన్నప్పుడూ పాట ఉండేది. చెరువు పాట పాడటం అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఏడాదికో మూడేళ్ళకో చెరువులో చేపలు పట్టే హక్కును వేలం వేస్తారు. ఊరిని బట్టి పంచాయతీకో, మత్స్యకార సహకార సంఘానికో ఆ హక్కు ఉంటుంది. ఎక్కువకు పాడినవాడు పిల్లలు తెచ్చి పోసుకుంటాడు, పెంచుకుంటాడు, పట్టుకుంటాడు. కానీ ఆ రోజుల్లో గాలానికి పాటతో పనిలేదు. వల వేస్తే దొంగతనం, గాలం వేస్తే పిల్లచేష్ట. కట్ట మీద కూర్చున్న పదిమంది పిల్లల్ని చూసి పాటదారు "మేత దండగ చేస్తున్నార్రా" అని తిట్టి పోయేవాడు తప్ప గాలం లాక్కున్న గుర్తు లేదు. ఇప్పుడు కిలోకింత లెక్క, పిల్లకింత లెక్క. ఎవరి లెక్క వాళ్ళది, తప్పుపట్టలేం.

పెద్దాయన ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. అవతలి ఆయన నిద్రమొహంతోనే మాట్లాడాడు. మర్యాదస్తుడే. "పట్టుకోండి సార్, ఏముంది. పట్టిందాన్ని తూకం వేయించి కిలోకు 180 చొప్పున మా పెద్దాయనకు ఇచ్చేయండి. కొరమీను పడితే మాత్రం మీదే, అది నేను పోసింది కాదు" అన్నాడు. నేను ఆ మాట చెబితే మావాడు ఎగిరి గంతేశాడు. "లైసెన్స్ వచ్చేసింది మామయ్యా!"

కొరమీను తను పోసింది కాదన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. అప్పటికి పైకేం అనలేదు.

వాడు గొట్టం విప్పాడు. కార్బన్ కడ్డీ, వేలెడంత రీలు, దారం కంటికి ఆనడం లేదు. డబ్బాలో ముత్యాల్లాంటి రంగురంగుల ఉండలు, ట్రౌట్ కోసం అమ్మే ఎర. గులాబీ రంగు ఉండ ఒకటి గాలానికి గుచ్చి, చెయ్యి వెనక్కి లాగి విసిరాడు. దారం సన్నగా ఈల వేసుకుంటూ పోయి చెరువు నడిమధ్య పడింది. పెద్దాయన నోరు తెరుచుకుని చూశాడు. ఆ విసురు నిజంగా చూడదగ్గదే. తర్వాత గంటసేపు ఏమీ జరగలేదు.

"ఏం ఎర అబ్బయ్యా అది?"

వాడు డబ్బా చూపించాడు. పెద్దాయన వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. "ఇది మన చేప తినదు" అని పాకలోకి పోయి, సత్తు గిన్నెలో తవుడు, వేరుశనగ చెక్కపొడి, రవంత మైదా తెచ్చాడు. నీళ్ళు చల్లి, అరచేతిలో పిసికి, నిమ్మకాయంత ముద్ద చేశాడు. ముద్ద గట్టిగా ఉండకూడదట. నీళ్ళలో పడ్డాక నెమ్మదిగా విడిపోతూ పొగలా పరుచుకోవాలి. గాలపు ముల్లు ఆ ముద్ద లోపల దాక్కుని ఉంటుంది. చేప పొడిని పీల్చుకునేటప్పుడు ముల్లూ నోట్లోకి పోతుంది.

"బెండు ఎంత లోతు కట్టినావు?" అన్నాడు. వాడు అడుగు తగిలేలా వదిలాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

ఇక్కడ ఆయన చెప్పింది నేను పుస్తకాల్లో చదివిందే, కానీ చేత్తో నీళ్ళ మీద కొలిచి చెబుతుంటే వేరేగా ఉంది. చెరువులో పోసేవి మూడు చేపలు, మూడూ మూడు అంతస్తుల్లో ఉంటాయి. బొచ్చెది పైఅంతస్తు. దాని నోరు చూస్తేనే తెలుస్తుంది, కింది దవడ ముందుకొచ్చి ఆకాశం వైపు తెరుచుకుని ఉంటుంది, పైన తేలే సన్న పురుగుల్ని పీల్చుకోవడానికి. శీలావతి నడిమ తిరుగుతుంది. పెదవులకు అంచు కుట్టినట్టు కుచ్చులుంటాయి. ఎర్రమోసు అడుగున బురద వెతుక్కుంటుంది. ఒకదాని మేతకు ఒకటి అడ్డు రాదని మూడింటినీ కలిపి పోస్తారు. మార్కెట్లో వీటినే కట్ల, రోహు, మృగాల అంటారు. "బొచ్చె కావాలంటే జానెడు లోతున ఏలాడాలి. అడుక్కు పోతే మోసు వస్తాది, అది ముళ్ళు" అన్నాడు పెద్దాయన.

బెండు జానెడుకు కట్టాడు. తవుడు ముద్ద గుచ్చాడు. ఈసారి దూరం విసరొద్దన్నాడు పెద్దాయన. జమ్ము పక్కన, మూడు బారల దూరంలో చాలు.

అక్కణ్ణుంచి మళ్ళీ కూర్చోవడమే. ఎండ నెమ్మదిగా కాళ్ళ మీదికి వచ్చింది. కొంగలు దిగాయి. ఊళ్ళోంచి మైకులో సుప్రభాతం, అది ఆగగానే పాలవాడి హారన్. ఇదే కట్ట మీద నాకు పదేళ్ళప్పుడు వెదురు బద్ద, మెడికల్ షాపు మందు సీసా బిరడాతో చేసుకున్న బెండు, వానపాము ఎర. ఆ ఎరకు పడేవేమిటో ఇప్పటికీ వేళ్ళ మీద చెప్పగలను. పరిగెలు ఎక్కువ. బొటనవేలంత, వెండిబిళ్ళలా మెరిసేవి. జెల్ల పడితే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి, దాని మీది ముల్లు దిగితే సాయంత్రం దాకా చెయ్యి సలుపుతుంది. మార్పు ఒకటి పడితే మా తాత మజ్జిగ మానేసి పులుసుకు కూర్చునేవాడు. వానలు మొదలైనప్పుడు కలుజు దగ్గర బొమ్మిడాయిలు. కొరమీనుకు వానపాము పనికిరాదు, చిన్న కప్పను బతికుండగానే కట్టాలి. ఆ పని పెద్దపిల్లలది, మమ్మల్ని రానిచ్చేవాళ్ళు కాదు. బొచ్చె నా గాలానికి ఒక్కసారి కూడా పడలేదు. దానికి తవుడు ముద్ద కావాలన్న సంగతి నాకు యాభై ఏళ్ళు దాటాక, అమెరికా గాలం పుణ్యమా అని తెలిసింది.

తొమ్మిది దాటింది. మావాడు ఫోన్ చూసుకుంటున్నాడు. పెద్దాయన మోచేత్తో వాణ్ణి పొడిచాడు.

బెండు మునగలేదు. కొద్దిగా పక్కకు వాలింది. ఆగింది. ఇంకాస్త వాలి, నీళ్ళ మీద పడుకున్నట్టుగా జమ్ము వైపు జరగడం మొదలుపెట్టింది. "ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు" అంటున్నాడు పెద్దాయన గొంతు తగ్గించి. బెండు టక్కున మాయమైంది. "కొట్టు!"

వాడు కడ్డీ పైకెత్తాడు. అది విల్లులా వంగింది, రీలు కర్రుమని తిరిగింది. బొచ్చె ఎగరదు, నీళ్ళలోనే బరువుగా అటూ ఇటూ గుంజుతుంది, మొండి దూడను పలుపుతో లాగుతున్నట్టు. ఒకసారి జమ్ములోకి దూరబోయింది. పెద్దాయన లుంగీ పైకి కట్టి మోకాళ్ళ లోతు దిగి చప్పుడు చేసి దాన్ని బయటికి మళ్ళించాడు. అయిదారు నిమిషాలు పట్టింది. ఒడ్డుకొచ్చాక దవడల కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తితే పెద్ద తల, వెడల్పాటి నడుము, వీపు మీద బూడిదరంగు, పొట్ట దగ్గర గులాబీ ఛాయ. పొలుసులు పావలా బిళ్ళంత. నోరు తెరిచి మూస్తోంది, పైకి చూస్తున్న నోరు.

మావాడు దాంతో ఫొటో దిగాడు. దిగాక అన్నమాటకు పెద్దాయన ఈ జన్మలో కోలుకోడు. "వదిలేద్దామా మామయ్యా? మా దగ్గర చాలామంది పట్టి వదిలేస్తారు."

"వదిలేదానికి పట్టేది ఎందుకబ్బయ్యా?" అన్నాడు పెద్దాయన. కోపం లేదు, నిజంగానే అర్థం కాలేదు. "దానికి నొప్పి, నీకు యాతన."

పాకలో స్ప్రింగు త్రాసు ఉంది. కిలో ఆరు వందల గ్రాములు తూగింది. ఈ ఏడు పోసిన పిల్ల ఇంత ఉండదట. పోయినేడు చెరువు ఎండక మిగిలిపోయినవాటిలో ఒకటి. ఇందాక సోమశిల నీళ్ళ గురించి చెప్పింది అందుకే.

ఇంత దూరం వచ్చాక ఒక మాట చెప్పాలి. ఆ చెరువులో ఎన్ని వేల బొచ్చెలున్నా ఆ చెరువులో పుట్టిన బొచ్చె ఒక్కటీ లేదు. ఈ మూడు చేపలూ నిలవనీళ్ళలో గుడ్లు పెట్టవు. వాటికి వరదనీరు కావాలి, ఏరు పారాలి. చెరువులో పెరుగుతాయి, బరువెక్కుతాయి, పొట్టలో గుడ్లు కూడా తయారవుతాయి, కానీ పెట్టవు. కాబట్టి ఏటా పోయాల్సిందే. డల్లాస్ పార్కులో ట్రౌట్‌కు ఎండ అడ్డు, ఇక్కడ బొచ్చెకు పారని నీళ్ళు అడ్డు. రెండూ అతిథులే. ఒకటి లారీలో వస్తుంది, ఇంకొకటి ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచిలో వస్తుంది.

మరి ఆ పిల్లలు ఎక్కణ్ణుంచి వస్తాయి? వెనకటికి నదుల్లోనే పట్టేవాళ్ళు. వరదల్లో గంగ పాయల వెంబడి సన్నటి వలలతో పిల్లల్ని తోడి, కుండల్లో పోసి కలకత్తా నుంచి రైళ్ళలో పంపేవాళ్ళు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఈ జాతి చేపకు పీయూష గ్రంథి రసాన్ని సూది వేసి, పారే నీళ్ళు లేకుండానే గుడ్లు పెట్టించాడు. ఆ తేదీనే ఇప్పుడు దేశమంతా చేపల రైతుల దినంగా జరుపుతున్నారు. కొల్లేటి చుట్టూ లేచిన చేపల చెరువులు, నెల్లూరు బజారులో ఐసు పెట్టెల్లో కనిపించే కట్లలు, మనం పట్టిన ఈ కిలో ఆరు వందల బొచ్చె, అన్నీ ఆ సూదిమొన నుంచి పుట్టినవే.

ట్రౌట్ కూడా మనకు మరీ పరాయిది కాదు. మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, ఆ ప్రభుత్వపు దొరలకు నీలగిరి ఏళ్ళలో తమ దేశపు గాలం వేయాలని మహా తహతహ. భారతదేశపు చేపల మీద పెద్ద పుస్తకం రాసిన ఫ్రాన్సిస్ డే అనే సైనిక వైద్యుడు 1863లో ప్రయత్నించి విఫలమయ్యాడు. 1907లో ఊటీ పైన అవలాంచి దగ్గర హేచరీ పెట్టారు, హెచ్.సి. విల్సన్ అనే అధికారి చేతుల మీదుగా రెయిన్‌బో ట్రౌట్ అక్కడ నిలదొక్కుకుంది. అదే మద్రాసు మత్స్యశాఖ 1911లో కర్నూలు దగ్గర సుంకేసులలో చేపల క్షేత్రం పెట్టింది. గోదావరి బొచ్చె కావేరికి చేరింది కూడా ఆ శాఖవాళ్ళ చలవే, దానంతటది ఈదుకుంటూ పోలేదు. కొండల్లో సరదాకు ట్రౌట్, మైదానంలో కూటికి బొచ్చె. చేసిన చేతులు మాత్రం ఒకటే.

ఇదంతా చెబితే మావాడు కొత్త కళ్ళతో చేపను చూశాడు. "అయితే ఇది కూడా స్టాకింగే" అన్నాడు. అంతే మరి.

నాకు మాత్రం పాటదారు అన్నమాటే మనసులో తిరుగుతోంది. కొరమీను నేను పోసింది కాదు, అని. పెద్దాయన్ని అడిగాను. "కొరమీనులు ఉండాయా?"

"యాడుండాయి. పిల్లలు పోసేముందు వల లాగి ఉన్నకాడికి ఏరేస్తారు గదా. కొరమీను, వాలుగ పిల్లల్ని మింగేస్తాయంట. సన్నచేప మేత తినేస్తాదంట." చేత్తో నీళ్ళవైపు చూపించాడు. "తూము కాడ బొమ్మిడాయిలు చూసి ఎన్నేళ్ళయిందో."

మత్స్యశాఖవాళ్ళు రైతులకు పంచే పుస్తకాల్లో ఈ సన్నచేపలకు ఒక పేరుంది. కలుపు చేపలు. చేనులో గడ్డిని పీకినట్టు చెరువులో పరిగెను పీకేయమని. పెంపకం చెరువుల్లో ఇప్పచెక్క వేసి మరీ చంపుతారు. చేను నాదనుకుంటే కలుపు అనే మాట సబబే. సొంత పొలంలో తవ్వుకున్న గుంటలో ఎవరేం చేసుకున్నా అడిగే హక్కు నాకు లేదు. కానీ ఊరి చెరువు ఎవరి చేను? అందులో వందల ఏళ్ళుగా పుట్టి పెరుగుతున్న పరిగె కలుపయి, సూదిమందుతో పుట్టి సంచిలో దిగిన బొచ్చె పైరెలా అయింది? బొచ్చె మీద నాకు కోపం లేదు. పేదవాడి కంచంలోకి చేపను తెచ్చిందదే, కిలో 180కి ఇంకేం వస్తుంది ఈ రోజుల్లో. నా గోల పరిగె గురించి. పాట పాడుకున్నవాడు లెక్క కోసం ఏరేస్తాడు, అది అర్థమవుతుంది. పాట పెట్టేవాళ్ళు సన్నచేపను ఏరేయకూడదన్న ఒక్క షరతు రాయించుకోవడానికి ఏం అడ్డమొచ్చింది?

అక్కణ్ణుంచి మైపాడు సముద్రం చూడ్డానికి పోయాం. దారిలో రొయ్యల గుంటలు వదిలిపెట్టవు. తొంభైల్లో టైగరు రొయ్య మీద ఈ తీరం ఎంత లేచిందో, తెల్లమచ్చ తెగులు వచ్చి ఎంత కూలిందో చూసిన వయసు నాది. వరిమళ్ళు తవ్వి గుంటలు చేసినవాళ్ళు, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలో రొయ్యల చెరువుల మీద తీర్పు చెప్పినప్పుడు ఇక అయిపోయిందనుకున్నారు. అవలేదు. 2009లో వనామి వచ్చింది, అదీ పసిఫిక్ అవతలి తీరపు రొయ్యే. పోసిన చేపలకు తోడు పోసిన రొయ్య. అది ఇంకో వ్యాసం.

ఒడ్డున పడవలు అప్పుడే దిగుతున్నాయి. పట్టపువాళ్ళు తమలో తాము అరవం కలిసిన యాసలో మాట్లాడుకుంటూ వలల్లోంచి చేపను విదిలిస్తున్నారు. మావాడు అక్కడా తన గాలం తీయబోయాడు. ఒకాయన చూసి, "పొద్దుపోకకా?" అన్నాడు. వీళ్ళు చేపలు పట్టడాన్ని వేట అంటారు. వేటకు పోయాం, వేట లేదు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఇలా. ఆ మాట ముందు గాలం కాస్త చిన్నబోయినట్టనిపించి వాడు గొట్టం మూసేశాడు.

బొచ్చెను మా పిన్నమ్మ ఇంటికి తీసుకుపోయాం. ఆవిడ దాని మొహం చూసి, "కట్లా?" అంది, నిరుత్సాహాన్ని దాచుకోకుండా. రాళ్ళ ఉప్పు వేసి బండ మీద రుద్ది, కడిగి, తలను రెండుగా చీల్చింది. మట్టిదాకలో వేరుశనగ నూనె, మెంతులు చిటపటలాడాక ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఆ తర్వాత కారం, ధనియాలపొడి, చిక్కటి చింతపండు రసం. పులుసు బాగా మరిగి నూనె తేలాక గానీ ముక్కలు వేయలేదు. చివర్లో పుల్లమామిడి. జనవరిలో మామిడికాయ ఎక్కడ దొరికిందో అడిగితే చెప్పలేదు. ముక్కలు పడ్డాక గరిటె ముట్టుకోనివ్వలేదు. దాక చెవులు రెండు గుడ్డలతో పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది.

"ఇప్పుడు తినేది కాదు. రేపు పొద్దున" అంది. మావాడు ఒప్పుకోలేదు. రాత్రే తిన్నాడు, పొద్దున దోసెల్లోకీ తిన్నాడు. పొద్దుటిదే బాగుందని ఒప్పుకున్నాడు. ముక్క విడిపోలేదు, ట్రౌట్‌కన్నా వెయ్యి రెట్లు నయమట. నాకూ తల బాగుంది. నడుము ముక్కలో మాత్రం పులుపు అడుగున ఎక్కడో చెరువు మట్టివాసన. నిలవనీళ్ళ చేపకు అది తప్పదు. పిన్నమ్మ ఒక ముక్క నమిలి కంచం అంచున పెట్టింది.

"బాగలేదా?"

"బాగుండాదిలే. బొమ్మిడాయిలయితే నడిమి ముల్లు ఒక్కటే, చీకి పారేసేదాన్ని. ఈ వయసులో ఈ ముళ్ళు ఏరుకోలేను."

బొమ్మిడాయిలు కావాలని నెల్లూరు చేపల మార్కెట్టుకు ఆ మర్నాడే పోయాను. ఉన్నాయి, నాలుగే. చెప్పిన ధరకు మూడు కిలోల బొచ్చె వస్తుంది. కొన్నాను. ఏ చెరువువని అడిగితే "ఏమో సార్, బండిలో వచ్చినాయి" అన్నాడు.

మావాడు ఆ గురువారమే విమానం ఎక్కాడు. గాలం గొట్టం ఇక్కడే వదిలిపోయాడు, వచ్చే ఏడాదికని. చేప డబ్బులు 288 రూపాయలు కాపలా పెద్దాయన చేతిలో పెట్టినప్పుడు ఆయన ఒక సంగతి చెప్పాడు. ఎండలు ముదిరి నీళ్ళు తగ్గాక మే నెలలో చెరువు పడతారు. పెద్దచేప తూకమై లారీ ఎక్కాక, అడుగు బురదలో మిగిలిపోయింది మాత్రం ఊరివాళ్ళదే, ఆ పద్ధతి ఇంకా ఉంది. మేలో వస్తానని చెప్పాను. పాత లుంగీ, ఒక బకెట్టు చాలన్నాడు.